చారన్నమే ఎందుకు పొలమారుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మెదడు, నరాల జబ్బులతో మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళనుంచే. నేను విశాఖలో న్యూరో వార్డులో 31 ఏళ్ళు పనిచేసి రిటైరైన నర్సుని, డాక్టర్ని కాను. కాబట్టి ఏ మందూ మార్చమని గానీ ఆపమని గానీ నేను చెప్పను. మంచం పక్కన నిలబడి చూసినవి మాత్రం చెబుతాను.

ప్రశ్న: మా ఆయనకి 46 ఏళ్ళు. తలలో కుడివైపు ముందుభాగంలో గడ్డ ఉందని, అది గ్లయోబ్లాస్టోమా అనే క్యాన్సర్ అని చెప్పారు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ఆరు వారాలు రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు ఇంట్లో టెమొజోలమైడ్ అనే కీమో మందు వాడుతున్నాం. ఇన్నేళ్ళ కాపురంలో నామీద గొంతు పెంచని మనిషి మొన్న కూరలో ఉప్పు తక్కువైందని కంచం విసిరేశారు. రాత్రి రెండింటికి లేచి ఆకలంటారు. పెడితే సగం వదిలేసి, ఇంకా పెట్టలేదేమని అరుస్తారు. సోఫాలోంచి లేవడమూ కష్టంగా ఉంది. అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. గడ్డ మళ్ళీ పెరుగుతోందేమోనని నా భయం. (ఒక పాఠకురాలు, తెనాలి)

తాయెత్తు ఉంటే ఉండనివ్వండమ్మా, దానికోసం అత్తగారితో గొడవెందుకు? ఎంఆర్ఐకి తీసుకెళ్ళిన రోజు మాత్రం మర్చిపోకుండా తీసేయండి. ఆ గదిలోకి లోహం పోకూడదు.

ఇప్పుడు మందుల సంచీ బయటికి తీయండి. అందులో డెక్సామెథసోన్ ఉందేమో చూడండి. గడ్డ చుట్టూ వచ్చే వాపుని తగ్గించే స్టెరాయిడ్ అది. చాలా మంచి మందే. కానీ నిద్ర పట్టనివ్వదు, రాక్షసి ఆకలి పుట్టిస్తుంది, చీటికీ మాటికీ కోపం తెప్పిస్తుంది. తొడల్లో కండ కరిగిపోతుంది కాబట్టి కూర్చున్నవాళ్ళు చెయ్యి ఊతం లేకుండా లేవలేరు. మీరు రాసిన నాలుగు కష్టాల్లో మూడింటికి ఈ ఒక్క మాత్రే కారణం కావచ్చు. రెండో మాత్ర ఎన్నింటికి ఇస్తున్నారు? రాత్రి భోజనం తర్వాత అయితే, దాన్ని మధ్యాహ్నానికి మార్చవచ్చా అని డాక్టర్ని అడగండి. మా వార్డులో ఈ ఒక్క మార్పుతో నిద్రపోయిన వాళ్ళని నేను చాలామందిని చూశాను. షుగర్ లేనివాళ్ళకి కూడా దీనితో షుగర్ పెరుగుతుంది, పరీక్ష చేయించండి. టార్చి వేసి నోట్లో తెల్లటి పూత ఉందేమో చూడండి. ఉంటే అది ఫంగస్, దానికి మందుంది. ఇన్ని ఇబ్బందులున్నాయి కదా అని మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఈ మందు వాడుతున్నన్నాళ్ళూ ఒళ్ళు తన సొంత స్టెరాయిడ్ తయారు చేసుకోవడం మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే మనిషి కుప్పకూలిపోతాడు. డాక్టర్ చెప్పిన లెక్కలో కొంచెం కొంచెంగానే తగ్గించాలి.

ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవిటిరాసిటామ్ కూడా కొందరిలో కోపం తెప్పిస్తుంది. ఇక గడ్డ ఉన్న చోటు సంగతి. నోటిదాకా వచ్చిన మాటని ఆపుకునే పని మెదడు ముందుభాగానిది. ఆ పగ్గం తెగింది కాబట్టి ఆయన విసిరిన కంచం మీమీద కోపంతో విసిరింది కాదు. అది తెలిసినా మీకు బాధ తగ్గదని నాకు తెలుసు.

సగం వదిలేస్తారన్నారు కదా, ఏ సగం? ఈసారి గమనించండి. ఎడమవైపు సగమైతే, అక్కడ అన్నం ఉన్నట్టు ఆయనకి తెలియడం లేదు. కుడివైపు మెదడు దెబ్బతింటే ఎడమవైపు ప్రపంచం ఉందన్న స్పృహే పోవచ్చు. కళ్ళు బాగానే ఉంటాయి. కంచం అరచుట్టు తిప్పండి చాలు. మాకు ఒకాయన ఉండేవారు, ఎడమ చెంప వదిలేసి గడ్డం గీసుకుని, నున్నగా ఉందా అని అడిగేవారు. మంచినీళ్ళ గ్లాసు, ఫోను ఆయనకి తెలిసే కుడివైపు పెట్టండి. మీరు మాట్లాడేటప్పుడు మాత్రం కాస్త ఎడమకి జరిగి, పేరుపెట్టి పిలిచి, ఆయన్ని అటు తిరగనివ్వండి.

ఒక నోటుబుక్కు కొని మేకుకి వేలాడదీయండి. ఏ మాత్ర ఎన్నింటికి ఇచ్చారు, కోపం ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు పడుకున్నారు, తలనొప్పి ఏ వేళకి వచ్చింది, అన్నీ రాయండి. "కోపం ఎక్కువైంది డాక్టర్‌గారూ" అంటే ఆయన తల ఊపుతారు. పది రోజుల కాగితం చూపిస్తే మందు చీటీ మారుతుంది. అయితే పొద్దున లేస్తూనే తలనొప్పి, దానితో వాంతి, పగలంతా మగత, ఒక పక్క కొత్తగా బలం తగ్గడం, వస్తువులు రెండుగా కనపడటం, ఇవి రాసుకుని కూర్చునేవి కావు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. టెమొజోలమైడ్ వాడుతుండగా జ్వరం 100.4 దాటినా అంతే, ఇంట్లో పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకండి. ఆ మందు తెల్లకణాలని తగ్గిస్తుంది, చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా పెద్దదవుతుంది. దాని గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) విప్పి పొడి చేయకూడదు, ఖాళీ కడుపున వేయాలి.

ఫిట్స్ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. పక్కకి ఒత్తిగిలేలా తిప్పండి, తల కింద ఏదైనా మెత్తటిది పెట్టండి, గడియారం చూడండి. నోట్లో చెంచా, వేళ్ళు, నీళ్ళు ఏవీ పెట్టకండి. చేతిలో తాళాల గుత్తీ వద్దు. చాలావరకు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, పేరు మాత్రం తాళాలకి వస్తుంది. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చా అని వచ్చే విజిట్‌లో అడిగి రాయించుకోండి.

ప్రశ్న: అమ్మకి 71. పదేళ్ళుగా పార్కిన్సన్స్. చారన్నం లేకపోతే ముద్ద దిగదు, అదే తింటే పొలమారుతోంది. పోయిన నెల జ్వరమొస్తే ఆస్పత్రిలో చేర్చాం. నడిచి లోపలికి వెళ్ళిన మనిషి నాలుగో రోజుకి కట్టెలా బిగుసుకుపోయింది. వాంతికి ఏదో ఇంజెక్షన్ ఇచ్చారు. మాత్రలు వాళ్ళ టైముకి వాళ్ళు ఇచ్చారు. ఎక్కడ తప్పు జరిగింది? (ఒక పాఠకుడు, కరీంనగర్)

తప్పు ఎక్కడ జరుగుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ అదే తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇప్పుడు పేరెందుకు లెండి, ఒక ఆస్పత్రిలో మందుల ట్రాలీ పొద్దున ఎనిమిదింటికి కదిలేది. పార్కిన్సన్స్‌తో ఒక రిటైర్డ్ రైల్వే గార్డు చేరారు. ఇంట్లో ఆయన ఆ జబ్బుకిచ్చే లెవోడోపా మొదటి మాత్ర ఐదున్నరకి వేసుకునేవారు. "సిస్టరమ్మా, నా బండి ఐదున్నరకి. మీరు ఎనిమిదింటికి సిగ్నలిస్తే ఎలాగమ్మా?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. మూడో రోజు పొద్దున ఏడింటికి బాత్రూం గుమ్మంలో కాళ్ళు అతుక్కుపోయి ముందుకి పడ్డారు, పెదవి చిట్లింది. కుట్లు వేస్తున్నప్పుడు కూడా ఆయన నన్నేమీ అనలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఈ మాత్ర షుగర్ మాత్రలా కాదు, గంట ఆలస్యమైనా ఒళ్ళు తాళం వేసినట్టు బిగుసుకుంటుంది. ఈసారి ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే ఒక అట్టముక్క మీద ఎర్ర ఇంకుతో అమ్మ మాత్రల వేళలు రాసి మంచానికి కట్టండి, డ్యూటీ మారినప్పుడల్లా కొత్త సిస్టర్‌కి చూపించండి. కిందనే ఇంకో లైను రాయండి: "మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్, హెలోపెరిడాల్ వద్దు." మొదటిది వాంతులకి, రెండోది కళ్ళు తిరిగితే, మూడోది కలవరిస్తుంటే ఇస్తారు. మిగతావాళ్ళకి మామూలు మందులే. పార్కిన్సన్స్ వాళ్ళకి మాత్రం లెవోడోపా చేసే పనికి అడ్డుపడతాయి. అమ్మకి ఇచ్చిన ఇంజెక్షన్ వాటిలో ఒకటో కాదో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, చూసి మీ న్యూరాలజిస్టుకి చెప్పండి. మాత్ర తిండికి అరగంట ముందు గానీ, గంట తర్వాత గానీ వేయాలి. పప్పు, పాలు, గుడ్డులోని ప్రోటీన్ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఎవరైనా దూలగొండి గింజల పొడి వాడమంటే ఆగండి. అందులో ఉన్నదీ లెవోడోపానే. మాత్రతో కలిస్తే ఎంత డోసు పడుతోందో ఎవరికీ లెక్క తెలియదు.

ఇక చారన్నం. నోట్లో పెట్టుకోగానే చారు వేగంగా గొంతులోకి జారిపోతుంది, మెతుకులు ఇంకా నాలుక మీదే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న గొంతు ఈ రెండు వేగాలనీ సర్దుకుంటుంది. అమ్మ గొంతు మెతుకుల కోసం ఆగి ఉండగానే చారు ఊపిరితిత్తుల దారి పట్టేస్తుంది. పోయిన నెల జ్వరానికి అదే కారణమేమో కూడా డాక్టర్ని అడగండి. మంచినీళ్ళు, పల్చటి మజ్జిగ కూడా ఇలాంటివే. ఉప్మా, అటుకులు పొడిపొడిగా గొంతులో చెల్లాచెదురవుతాయి. చారు మానిపించమని నేననను, ఈ వయసులో ఆవిడకి అదొక్కటే రుచి. మెత్తగా ఉడికిన అన్నంలో చారు పోసి, రెండూ కలిపి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. చెంచా వంచితే ధారగా కారకుండా ముద్దగా జారాలి. రంగు చూసి ఛీ అంటుంది. కళ్ళు మూసుకుని ఒక్క చెంచా తినమనండి, చారు వాసన చారు వాసనే.

నిటారుగా కుర్చీలో కూర్చోబెట్టాలి. మింగేటప్పుడు గడ్డం కాస్త ఛాతీ వైపు వంచాలి. తల వెనక్కి వంచి గ్లాసుతో నీళ్ళు పోయడం మన ఇళ్ళల్లో అలవాటు, అది గొంతుని తెరిచి ఊపిరితిత్తుల్లో పోసినట్టే. చెంచా చెంచాకీ మధ్య రెండు గుటకలు ఆగండి. టీవీ కట్టేయండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. తిన్న వెంటనే "అమ్మా" అని పిలిపించి చూడండి. గొంతు గరగరలాడితే లోపల ఇంకా ఏదో ఉందని అర్థం. కొందరికి దగ్గు కూడా రాకుండానే లోపలికి పోతుంది, కాబట్టి పొలమారడం లేదని ధీమా వద్దు. మింగే పరీక్ష చేసేది స్పీచ్ థెరపిస్టు, ఒకసారి తప్పకుండా చూపించండి.

గుమ్మాల దగ్గర కాళ్ళు అతుక్కుంటే చెయ్యి పట్టి లాగకండి, ముందుకి పడతారు. కాళ్ళ ముందు ఒక గీత కనపడితే చాలామంది దాన్ని దాటగలరు. మా అత్తగారికీ ఈ జబ్బే ఉండేది. ఊళ్ళో పాత ఇంట్లో గడపలన్నీ చక్కగా దాటేవారు, గడపల్లేని మా అపార్టుమెంటుకి వచ్చాక ప్రతి గుమ్మంలోనూ ఆగిపోయేవారు. మావారు నేలమీద పసుపు రంగు టేపు అంటించారు. ఆవిడ దాటారు. తర్వాతి శుక్రవారం దానికి కుంకుమ బొట్లు పెట్టమని నన్ను పిలిచారు.

ప్రశ్న: నాన్నగారు రాజమండ్రిలో ఉన్నారు. ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. అల్జైమర్స్ అన్నారు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి వీడియో కాల్ చేసి "నేనెవరో చెప్పు నాన్నా" అని అడుగుతాను. ఈమధ్య ఫోన్ పక్కన పడేస్తున్నారు. జ్ఞాపకశక్తికి ఇంకేం అడిగితే మంచిది? (ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

ఏమీ అడక్కండి. రోజూ ఫెయిలయ్యే పరీక్షకి ఎవరు మాత్రం కూర్చుంటారు? "నాన్నా, నేను, మీ చిన్నమ్మాయిని" అని మీరే చెప్పేయండి. 1986 గోదావరి వరదల కబుర్లు ఎత్తండి, అదీ ప్రశ్నలా కాదు: "అప్పుడు గట్టు మీద ఎంతమంది రాత్రంతా కాపలా ఉండేవారో కదా." కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి ఇంకా చాలా ఉంటాయి. ఒకటి ఎక్కువ చెప్పినా, తప్పు చెప్పినా దిద్దకండి. ఇంకో సంగతి, మీ వేసవిలో పొద్దున ఎనిమిదిన్నర అంటే ఇక్కడ సాయంత్రం ఆరు. చీకటి పడే వేళకి ఈ జబ్బువాళ్ళలో చాలామందికి కంగారు ఎక్కువవుతుంది, ఇంట్లోనే ఉండి ఇంటికి పోతానంటారు. మీరు పడుకోబోయే ముందు, తొమ్మిదిన్నరకి చేసి చూడండి. ఆయనకి అప్పుడు పొద్దున ఏడు, కాఫీ వేళ.

ప్రశ్న: మామగారు మంచంలోనే ఉంటారు. నడుము కింద చర్మం కమిలింది. పౌడర్ వేసి నూనెతో మర్దనా చేస్తున్నాం, గాలి ట్యూబు మీద కూర్చోబెడుతున్నాం. తగ్గడం లేదు. (ఒక పాఠకురాలు, కాకినాడ)

మూడూ ఆపేయండి. కమిలిన చోట రుద్దితే లోపల కండ ఇంకా నలుగుతుంది, పౌడర్ చెమటకి గడ్డకట్టి గీసుకుంటుంది, ట్యూబు అంచు చుట్టూ రక్తం ఆడనివ్వదు. రెండు గంటలకోసారి పక్క మార్చడమే దీనికి మందు. పూర్తిగా పక్కకి కాకుండా, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో తేలేలా చూడండి. మన రంగు ఒంటిమీద ఎరుపు సరిగ్గా కనపడదు, కాబట్టి చేత్తో తాకి చూడండి: చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా ఉంటే పుండు మొదలైందని అర్థం. చర్మం చిట్లిందా, నర్సుకో డాక్టరుకో చూపించండి. గాలి పరుపు కొనుక్కోండి, కానీ అది ఉన్నా పక్క మార్చాల్సిందే. ఎన్నింటికి ఏ పక్క తిప్పారో గోడ మీద కాగితంలో టిక్కు పెట్టండి. లేకపోతే అందరూ ఇంకొకరు తిప్పారనే అనుకుంటారు.

ప్రశ్న: "ఒక్కోసారి ఈ మనిషి త్వరగా పోతే బాగుండునని అనిపిస్తోంది. నేను పాపిష్టిదాన్నా?" (పేరూ ఊరూ రాయలేదు)

కాదమ్మా. మీరు సరిగ్గా ఎన్నాళ్ళయింది నిద్రపోయి? ఈ మాట నాతో వార్డు వరండాలో చెప్పినవాళ్ళు అందరూ బాగా చూసుకున్నవాళ్ళే. చూడనివాళ్ళకి ఈ ఆలోచన రాదు. 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బంధువుల్లో "ఏమైనా సాయం కావాలా" అని అడిగేవాళ్ళకి "వద్దులెండి" అనడం మానేసి, "ఆదివారం రెండు నుంచి ఆరుదాకా మీరుండండి" అని చెప్పండి. ఆ నాలుగు గంటలూ పడుకోండి, బట్టలు ఉతక్కండి.

ప్రశ్న: మావారు తెలుగు మాస్టారు. మోటార్ న్యూరాన్ జబ్బు. చేతులు, కాళ్ళు, మాట అన్నీ పోయాయి. మనసు మాత్రం పూర్తిగా తెలివిగా ఉందంటున్నారు డాక్టర్లు. కళ్ళు కదులుతాయి. ఆయన ఏదో చెప్పాలని చూస్తారు, నాకు అర్థం కాక ఇద్దరం ఏడుస్తాం. (ఒక పాఠకురాలు, నెల్లూరు)

ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్టీఫెన్ హాకింగ్‌కి ఉన్నదీ ఈ జబ్బే. ఆయన కంప్యూటర్ మనకి లేకపోయినా అట్టముక్క ఉంది.

ముందు "అవును" ఏదో నిర్ణయించుకోండి. కళ్ళు పైకెత్తితే అవును, కిందికి దించితే కాదు. రెప్పలు వద్దు, రెప్పలు ఊరికే కూడా పడతాయి. తర్వాత అట్ట. తెలుగు అక్షరమాల మొత్తం రాస్తే పొద్దు గూకేదాకా ఒక్క మాట రాదు. మా వార్డులో కత్తిరించి కత్తిరించి 25 చేశాం. అచ్చులు అ ఇ ఉ ఎ ఒ. హల్లుల్లో ఒత్తక్షరాలన్నీ తీసేశాం, ఖ కావాలంటే క చూపిస్తే చాలు. క గ, చ జ, ట డ ణ, త ద న, ప బ మ, య ర ల వ, స హ ళ. గుణింతాల్లేవు, దీర్ఘాల్లేవు. తెలుగు మాస్టారు కదా, మొదటి రోజు నొచ్చుకుంటారు. వరుసకి ఒక నంబరు ఇవ్వండి. మీరు "ఒకటో వరుస, రెండో వరుస" అంటూ ఆగి ఆగి చదవండి, ఆయన కళ్ళెత్తినప్పుడు ఆ వరుసలో అక్షరాలు ఒక్కొక్కటే చదవండి. వచ్చినవి కాగితం మీద రాయండి, సగం రాగానే మాట ఊహించి అడగండి.

అట్ట పైభాగంలో అక్షరాలకంటే ముందు రోజువారీ మాటలు పెద్దగా రాయండి: నొప్పి, కఫం, పక్క తిప్పు, దాహం, బాత్రూం, దురద, దోమ. దోమ ఎందుకంటారా? ఈ జబ్బులో చర్మానికి స్పర్శ పోదు. ముక్కు మీద దోమ వాలితే పూర్తిగా తెలుస్తుంది, తోలడానికే చెయ్యి లేవదు. దోమతెర కట్టండి.

ఊపిరి సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. రాత్రిళ్ళు బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసే మిషను) పెట్టుకుంటే పొద్దున తలనొప్పి, మగత తగ్గుతాయి. వెంటిలేటర్ దాకా వస్తే పెట్టాలా వద్దా అన్నది ఆయన్నే అడగాలి, అట్ట ఉన్నదే అందుకు. ఇతర పాఠకులకి ఒక మాట, చెయ్యి సంతకం పెట్టగలిగిన రోజుల్లోనే ఆ నిర్ణయం కాగితం మీద పెట్టవచ్చు. 2018లో సుప్రీంకోర్టు దానికి ఒప్పుకుంది. 2023లో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు.

మా అట్ట మీద మొదటి మాట చెప్పినాయన కూడా మీవారిలాగే ఉండేవారు. అది డిసెంబరు నెల. భార్య అట్ట పట్టుకుంది, నేను రాస్తున్నాను. ఆరో వరుస, ప. ఏడో వరుస, య. తర్వాత ఐదో వరుసకి వచ్చి, న. ఆవిడ కాగితం చూసింది. "పయనం" అని గొల్లున ఏడ్చింది. నాకూ గొంతు పట్టేసింది. ఆయన కళ్ళు కిందికి దించారు, కాదు. మళ్ళీ దించారు. తర్వాత పైకెత్తి అలాగే ఉంచేశారు. అవునా కాదా తేల్చుకోలేక నేనూ తలెత్తి పైకి చూశాను. పెద్ద స్పీడులో తిరుగుతోంది, ఫ్యాను. ఎన్ని రోజులుగా చలికి వణకలేక పడుకున్నారో. నేను స్విచ్చు ఆపుతుంటే ఆవిడ ఇంకా ఏడుస్తూనే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.